దత్తత కాయితం రాయించుకునే ముందు: పిల్లను ఇచ్చేది ఎవరు?

హనుమకొండలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర నేను దస్తావేజులు రాస్తాను. రోజూ వచ్చేవి ప్లాట్ల సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, అన్నదమ్ముల పంపకాలు. అప్పుడప్పుడు పరకాల నుంచో నర్సంపేట నుంచో ఒక కుటుంబం వస్తుంది. మగాయన మాట్లాడడు, వెనక నుంచి ఆయన భార్యే అడుగుతుంది. "సారూ, మా మరిది బిడ్డను సాదుకుంటున్నం. వంద రూపాయల బాండు మీద ఒక కాయితం రాసియ్యరాదుండ్రి?"

రాయడం పెద్ద పనేం కాదు. కానీ కంప్యూటర్ ముందు కూర్చునే ముందు నేను అడిగేది ఒకటే: పిల్లను మీ చేతికి ఇచ్చేది ఎవరు? తీసుకునేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. కన్నవాళ్ళిద్దరూ ఉండి వాళ్ళే ఇస్తున్నారా? వాళ్ళు పోయాక నాయనమ్మ ఇస్తోందా? దిక్కులేని పసిపిల్లలను ఉంచే శిశు గృహ నుంచి తెచ్చుకోవాలనుకుంటున్నారా? లేక "ఆస్పత్రిలో ఒకామె చెప్పింది" అంటున్నారా? దీనికి వచ్చే జవాబును బట్టి చట్టం మారుతుంది, తిరగాల్సిన ఆఫీసు మారుతుంది, పట్టే కాలం మారుతుంది. చివరి జవాబు వస్తే మాత్రం నేను కాయితం రాయను, ఎందుకో కూడా చెప్తాను.

కన్నవాళ్ళే ఇస్తున్నప్పుడు

మన ఊళ్ళలో ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి ఇది. అన్నకు సంతానం లేదు, తమ్ముడికి ముగ్గురు, ఒకరిని అన్నకు ఇస్తారు. హిందువులకు దీనికోసం 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దీని కిందికే వస్తారు. కలెక్టరు ఆర్డరు అక్కర్లేదు, కోర్టుకు పోనక్కర్లేదు. అంత సులువు కాబట్టే జనం దీన్ని బాండు పేపరుతో తేల్చేయాలని చూస్తారు. షరతులు మాత్రం గట్టివి.

పిల్లకు పదిహేనేళ్ళు నిండి ఉండకూడదు, పెళ్ళయి ఉండకూడదు. మా కులంలో పెద్దవాళ్ళను కూడా తీసుకునే ఆచారం ఉంది అంటారా, చట్టం ఆ ఆచారాన్ని ఒప్పుకుంటుంది. కానీ రేపు గొడవైతే అలాంటి ఆచారం ఉందని నిరూపించాల్సింది మీరే. మగపిల్లవాణ్ని తీసుకునేవాళ్ళకు కొడుకు గాని, కొడుకు కొడుకు గాని, వాడి కొడుకు గాని బతికి ఉండకూడదు. ఆడపిల్లను తీసుకునేవాళ్ళకు కూతురు గాని, కొడుకు కూతురు గాని ఉండకూడదు. ఇద్దరు కూతుళ్ళున్నవాళ్ళు అబ్బాయిని తీసుకోవచ్చు, దానికి అడ్డు లేదు. ఒక కూతురున్నవాళ్ళు ఇంకో అమ్మాయిని మాత్రం ఈ చట్టం కింద తీసుకోలేరు. చెల్లెలి బిడ్డను తెచ్చుకుందామని ఆశపడి వచ్చి, ఈ మాట విని నా ముందే మొహాలు చూసుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు వేరే దారి ఉంది, కిందికి వస్తే చెప్తాను.

మగాయన ఆడపిల్లను తీసుకున్నా, ఆడమనిషి మగపిల్లవాణ్ని తీసుకున్నా ఇద్దరి మధ్య వయసు తేడా కనీసం 21 ఏళ్ళు ఉండాలి. భార్య ఒప్పుకోకుండా భర్త తీసుకోలేడు. 2010 సవరణ తర్వాత భార్య కూడా భర్త ఒప్పుకోలుతో తన పేరున తీసుకోవచ్చు. పెళ్ళి కానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు ఒంటరిగానే తీసుకోవచ్చు. ఇచ్చేవైపు కూడా అంతే, తల్లీతండ్రీ ఇద్దరి ఒప్పుకోలు కావాలి. ఇక్కడే ఎక్కువ డీడ్లు దెబ్బతింటాయి. మగవాళ్ళు ముందే అన్నీ మాట్లాడుకుని వస్తారు. కన్నతల్లి సంతకం పెట్టడానికి మాత్రమే వస్తుంది. అందుకే డ్రాఫ్టు చదివి వినిపించేటప్పుడు నేను ఆమె వైపు తిరిగే చదువుతాను. "నీకు ఇష్టమేనామ్మా" అని వాళ్ళాయన ముందు అడిగితే జవాబు ఏం వస్తుందో తెలిసిందే. కాబట్టి మగవాళ్ళను జిరాక్సులకు పంపి అప్పుడు అడుగుతాను.

అసలు సంగతి ఇది: కాయితం రాసుకున్నంత మాత్రాన దత్తత అయిపోదు. ఇచ్చేవాళ్ళు పిల్లను నిజంగా చేతికివ్వాలి, తీసుకునేవాళ్ళు నిజంగా అందుకోవాలి. చట్టం అడిగేది ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్నే. దత్త హోమం చేసి తీరాలని ఎక్కడా లేదు. మనవైపు చాలా ఇళ్ళలో పెంచుకునే తల్లిని పీట మీద కూర్చోబెట్టి, కన్నతల్లి పిల్లను ఆమె ఒళ్ళో కూర్చోబెడుతుంది. పిల్లకు కొత్త బట్టలు తొడిగి, బొట్టు పెట్టి, నోట్లో చక్కెర పోస్తారు. అంతే చాలు. నేను అడిగేదల్లా సరిగ్గా ఆ క్షణానికి ఒక ఫొటో తీయించమని. పిల్ల ఒక తల్లి చేతుల్లోంచి ఇంకో తల్లి ఒళ్ళోకి వెళ్తూ కనబడాలి, ఇద్దరి భర్తలూ అదే ఫొటోలో ఉండాలి. అందరూ వరసగా నిలబడి కెమెరా వైపు చూస్తున్న ఫొటోతో పెద్దగా లాభం లేదు. ఆ రోజు ఉన్న ఊరి పెద్దమనుషులు ఇద్దరి పేర్లు రాసుకోండి, డీడులో సాక్షులు వాళ్ళే అయితే మంచిది.

డీడులో "ఫలానా తేదీన, ఫలానా ఊళ్ళో, ఫలానావారి ఇంట్లో పిల్లను ఇచ్చాం, తీసుకున్నాం" అని జరిగిన దాన్ని రాస్తాను. తీసుకునేవాళ్ళకు ఇదివరకు ఎవరెవరు సంతానం ఉన్నారు, పిల్ల పుట్టిన తేదీ, నాలుగు సంతకాలు, డబ్బు చేతులు మారలేదన్న మాట, ఇవన్నీ ఉండాలి. ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ సంతకం చేసి రిజిస్టర్ చేయించిన డీడు ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు మొదట నమ్ముతుంది. కాదన్నవాడే నిరూపించుకోవాలి. నోటరీ చేయించిన బాండు పేపరుకు ఆ బలం లేదు. భూమి తగాదా వచ్చిన రోజు ఆ తేడా తెలుస్తుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పిల్లను ఇచ్చినందుకు కన్నవాళ్ళు సొమ్ము తీసుకోవడం, ఇవ్వడం రెండూ నేరమే. ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. "తమ్ముడికి అప్పులున్నయి, ఒక లక్ష సర్దుతం" అని నా టేబుల్ దగ్గరే మాట్లాడుకుంటారు పాపం, తప్పని తెలియక. పిల్ల పేరున ఎకరం రాయాలనుకుంటే అది వేరే గిఫ్ట్ డీడు, దాన్ని దీనితో కలపొద్దు.

ఆస్తి గురించి రెండు వైపులా అపోహలున్నాయి. దత్తత జరిగిన రోజు నుంచి ఆ పిల్ల పెంచుకున్నవాళ్ళ బిడ్డ. కన్నవైపు ఆస్తిలో అప్పటికే తన పేరుకు వచ్చేసింది తనతోనే ఉంటుంది, ఇక ముందు రావాల్సిన దానికి మాత్రం కన్నకూతురిగా, కన్నకొడుకుగా వాటా అడగలేదు. పెంచుకున్నాం కాబట్టి మన ఆస్తి అమ్ముకునే హక్కు పోయిందేమో అని ఇంకొందరి భయం. అలా వేరే ఒప్పందం ఏమీ రాసుకోకపోతే మీ ఆస్తి మీరు అమ్ముకోవచ్చు, వీలునామా రాసుకోవచ్చు. పెళ్ళి వరసల్లో మాత్రం కన్నవైపు బంధం తెగదు. అక్కడ కలవని వరస దత్తత తర్వాత కూడా కలవదు. ఇంకొకటి, ఇల్లరికం తెచ్చుకున్న అల్లుణ్ని "దత్తత కొడుకు లెక్కనే" అంటూ కాయితం రాయమంటారు. అల్లుడు అల్లుడే. ఆయనకు ఇవ్వాలనుకుంటే వీలునామా రాసుకోండి.

పద్ధతి ప్రకారం జరిగిన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదు. పెంచుకున్నవాళ్ళు వద్దనుకోలేరు, పిల్ల కూడా పెద్దయ్యాక వెనక్కి పోలేదు. "రెండేండ్లు చూసి, కాకపోతే తిరిగిస్తం" అనే కుటుంబానికి నేను డీడు రాయను. వాళ్ళకు కావాల్సింది దత్తత కానే కాదు.

కన్నవాళ్ళు లేరు, నాయనమ్మ ఇస్తోంది

రోడ్డు ప్రమాదంలో కొడుకూ కోడలూ పోతారు. ముసలామె దగ్గర పిల్ల మిగులుతుంది. పిన్ని, బాబాయి పెంచుకుంటామని ముందుకొస్తారు. అందరూ మంచివాళ్ళే, పిల్ల కూడా పిన్నికి అలవాటే. అయినా నాయనమ్మ సంతకంతో దత్తత డీడు రాయడానికి లేదు. తల్లిదండ్రులు లేని పిల్లను సంరక్షకులు ఇవ్వాలంటే 1956 చట్టం ప్రకారం ముందుగా కోర్టు అనుమతి కావాలి. ఇది తెలియక రాసుకున్న కాయితాలు ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో! పిల్ల స్కూలుకు పోయినన్ని రోజులు నడుస్తుంది, తర్వాత పొలం దగ్గర ఆగిపోతుంది.

రెండో దారి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దానిలో బంధువుల దత్తత అని ఒక ఏర్పాటు ఉంది. ఇక్కడ బంధువు అంటే తండ్రి తోబుట్టువులు, తల్లి తోబుట్టువులు, రెండు వైపుల తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ మాత్రమే. అమ్మ పెద్దనాన్న కొడుకు మనకు మేనమామే, చట్టానికి కాదు. కేంద్ర దత్తత సంస్థ కారా వాళ్ళ కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఇంటికొచ్చి రిపోర్టు రాస్తుంది. 2022 సెప్టెంబరు నుంచి ఆర్డరు ఇచ్చేది జిల్లా కలెక్టరు, అంతకుముందు కోర్టు ఇచ్చేది. తల్లిదండ్రులు లేని కేసుల్లో సంరక్షకులు పిల్లను ఇవ్వడానికి, జిల్లాలో ఇలాంటి పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ సమితి అనుమతి కూడా తీసుకోవాలి. ఐదేళ్ళు దాటిన పిల్ల అయితే తన ఇష్టం కూడా అడుగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జిల్లా కేంద్రంలో బాల రక్షా భవన్ ఎక్కడని అడగండి.

ఇందాక ఒక కూతురున్న దంపతుల సంగతి చెప్పాను కదా, చెల్లెలి బిడ్డ కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళ దారీ ఇదే. సొంత కూతురు ఉందన్న అడ్డు ఈ చట్టంలో లేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు కూడా ఇదే దారి. మతం ఏదైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని, దీనికి ముందున్న 2000 నాటి చట్టం మీద 2014లోనే షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా దగ్గరికి ఇంకా "మాకు దత్తత లేదట కదా భయ్యా" అనుకుంటూనే వస్తారు.

భర్త పోయాక లేదా విడాకులయ్యాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆమె, పిల్లకు కొత్త భర్త ఇంటిపేరు కావాలని వస్తుంది. దానికీ పోర్టల్‌లోనే సవతి తండ్రి, సవతి తల్లి దత్తత అని ఉంది. కన్నతండ్రి బతికుంటే ఆయన ఒప్పుకోలు కావాలి. ఆయన ఎక్కడున్నాడో తెలియని కేసుల్లో ముందు లాయరును కలవండి, నా దగ్గరికి కాదు.

అమెరికాలో ఉన్న అక్కాబావలకు తమ్ముడి కొడుకును ఇద్దామని వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ముందు డీడు చేసేద్దాం, వీసా సంగతి తర్వాత చూద్దాం అంటారు. అలా చేయొద్దు. భారతదేశం, అమెరికా రెండూ దేశాంతర దత్తత మీద హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. పిల్ల దేశం దాటాలంటే కారా అనుమతి పత్రం కావాలి. ఆ దేశం వైపు కూడా దత్తతకు ముందే చేసుకోవాల్సిన పనులుంటాయి. అక్కాబావలను అక్కడి నుంచే మొదలుపెట్టమనండి.

శిశు గృహ నుంచి తెచ్చుకోవాలంటే

తల్లిదండ్రులెవరో తెలియని పిల్లలు, అనాథలు, కన్నవాళ్ళు అప్పగించిన పిల్లలు ఈ దారిలో వస్తారు. శిశు గృహకు వెళ్ళి పిల్లల్ని చూసి, నచ్చినవాళ్ళను ఎంచుకుంటామంటే కుదరదు. పెద్దమనిషి సిఫారసు కూడా పనిచేయదు, అందరికీ ఒకటే క్యూ. కేరింగ్స్‌లో మీ అంతట మీరే నమోదు చేసుకోవచ్చు. ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, అడ్రసు, ఆదాయం, డాక్టరు సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. మనవాళ్ళలో చాలామందికి పెళ్ళి సర్టిఫికెట్టే ఉండదు. ముందు దాని పని చూసుకోండి.

దంపతులైతే కనీసం రెండేళ్ళ స్థిరమైన కాపురం ఉండాలి. ఇద్దరి వయసులూ కలిపి చూస్తారు. రెండేళ్ళ లోపు పిల్ల కావాలంటే మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళకు 100, ఆపైన 110. ఒంటరివాళ్ళకు ఇవే 40, 45, 50, 55. భర్తకు 46, భార్యకు 41 అనుకోండి, మొత్తం 87, అంటే పసిపాపకు అర్హత దాటిపోయింది, మూడేళ్ళ పిల్లకు ఉంది. పిల్లకూ మీకూ కనీసం 25 ఏళ్ళ తేడా ఉండాలి. ఒంటరి మహిళ ఎవరినైనా తీసుకోవచ్చు, ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు అంతకంటే ఎక్కువ పిల్లలున్న దంపతులకు మామూలు క్యూలో చోటు లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, త్వరగా కుటుంబం దొరకని పిల్లలను మాత్రం తీసుకోవచ్చు.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఈ హోమ్ స్టడీకి ప్రతి ఒక్కరూ టెన్షన్ పడతారు. కాజీపేటలో నాకు తెలిసినవాళ్ళు ఆ రోజు కోసం గోడలకు సున్నం వేయించి, చుట్టాలింటి నుంచి సోఫా తెచ్చి పెట్టారు. వచ్చినామె ఆ సోఫా మీద కూర్చోనే లేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తగారి పక్కన కింద కూర్చుని, "కోడలు పనికి పోతే పిల్లను ఎవరు చూస్తరమ్మా?" అని అడిగింది. వాళ్ళకు కావాల్సిన సమాచారం అలాంటిది. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమనుకుంటున్నారు, అప్పులెన్ని, పిల్లకు ఆరోగ్యం బాగోకపోతే ఏం చేస్తారు, దత్తత అని పిల్లకు చెప్తారా లేదా. చెప్పం, దాచిపెడతాం అనుకునేవాళ్ళు ముందు మీలో మీరు మాట్లాడుకోండి. ఊళ్ళో ఏ పెళ్ళి పందిట్లోనో ఎవరో ఒకరు చెప్పేస్తారు. అప్పటిదాకా ఆగకుండా చిన్నప్పుడే మీ నోటితో చెప్పడమే నయం. హోమ్ స్టడీ రిపోర్టు మూడేళ్ళు చెల్లుతుంది.

ఇక ఎదురుచూపులు. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్ల కావాలంటే మూడేళ్ళు దాటడం మామూలే. ఐదేళ్ళు దాటిన పిల్లలు, తోబుట్టువులు కలిసి ఉన్నవాళ్ళు, ప్రత్యేక అవసరాలున్నవాళ్ళు అయితే అంత కాలం పట్టదు. మీ వంతు వచ్చినప్పుడు పిల్ల ఫొటో, పిల్ల గురించిన రిపోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు పోర్టల్‌లో పంపుతారు. 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. కాబట్టి ఆ ఫోన్ నంబరు మార్చొద్దు, మెసేజ్‌లు చూసుకుంటూ ఉండండి. వైద్య రిపోర్టును మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు చూపించుకోవచ్చు. ఒప్పుకుంటే ముందు పిల్లను దత్తతకు ముందటి పోషణ కింద మీ ఇంటికి పంపుతారు, తర్వాత కలెక్టరు ఆర్డరు వస్తుంది, దాని మీద మీ పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు.

ఖర్చు సంగతి. 2022 నిబంధనల ప్రకారం హోమ్ స్టడీకి 6,000 రూపాయలు, పిల్ల సంరక్షణ నిధికి 50,000. తర్వాత వచ్చి చూసిపోయే విజిట్లకు కొంత ఉంటుంది. ప్రతిదానికీ రసీదు ఇస్తారు. రసీదు లేకుండా ఎవరైనా ఇంకేమైనా అడిగితే ఇవ్వకండి.

ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు చూసి కొందరు ఓపెన్ అడాప్షన్ గురించి అడుగుతారు. అక్కడ కన్నతల్లి ఫోన్ చేస్తుంది, పుట్టినరోజుకు వస్తుంది. మన దగ్గర ఏజెన్సీ ద్వారా జరిగే దత్తతలో కన్నతల్లి వివరాలు మీకు చెప్పరు, మీవి ఆమెకు చెప్పరు. పిల్లకు పద్దెనిమిది నిండాక తన మూలాల గురించి సమాచారం కావాలని తనే అడగొచ్చు, అంతకుముందైతే మీతో కలిసి అడగొచ్చు. మూడో మనిషికి ఇవ్వరు. తమ్ముడి బిడ్డను పెంచుకునే ఇంట్లో ఈ ప్రశ్నే లేదు, కన్నతల్లి దసరాకు వస్తూనే ఉంటుంది. ఆమెను పిల్ల ఏమని పిలవాలో మాత్రం రెండు ఇళ్ళూ ముందే అనుకోండి. చిన్నమ్మ అన్నా సరే, అమ్మ అన్నా సరే, ఒక ఇంట్లో ఒకటి, ఇంకో ఇంట్లో ఒకటి నేర్పితే నలిగిపోయేది పిల్లే.

ఆస్పత్రిలో ఒకామె చెప్పింది

"ఒక పెళ్ళికాని అమ్మాయికి కాన్పు ఉంది, లక్షన్నర ఇస్తే ఆస్పత్రి రికార్డుల్లో మీ పేరే రాయిస్తరట." ఈ మాట విన్నవెంటనే ఫోన్ పెట్టేయండి. పిల్లల్ని కొనడం, అమ్మడం కింద ఐదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బంది చేస్తే మూడు నుంచి ఏడేళ్ళు. అనాథ, వదిలేసిన, అప్పగించిన పిల్లలను పద్ధతి తప్పించి దత్తత ఇచ్చినా తీసుకున్నా మూడేళ్ళ వరకు శిక్ష ఉంది. ఎప్పుడైనా బయటపడితే పిల్లను తీసుకెళ్ళి శిశు గృహలో పెడతారు. అప్పటికి ఆ పిల్ల మిమ్మల్ని అమ్మా, బాపూ అంటూ ఉంటుంది. నేను కాయితం రాయకపోతే ఇంకో టేబుల్ దగ్గర రాయించుకుంటారని నాకు తెలుసు. అయినా చెప్తాను.

నిజంగానే ఒక తల్లి పెంచలేని స్థితిలో ఉంటే ఆమెకు చట్టబద్ధమైన దారి ఉంది. బాలల సంక్షేమ సమితి ముందు పిల్లను అప్పగించవచ్చు, ఆమె పేరు బయటపెట్టరు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఇస్తారు, ఆ తర్వాతే పిల్లను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తారు. పేదరికం ఒక్కటే కారణమైతే ఆ మాట కూడా సమితి దగ్గర చెప్పమనండి. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద స్పాన్సర్‌షిప్‌కు అర్హత ఉంటే పిల్ల తల్లి దగ్గరే ఉండేలా నెలకు 4,000 రూపాయలు వస్తాయి. భర్త పోయి, కూలికి పోతూ "ఎవరన్న సాదుకుంటే ఇస్తా" అనే ఆమెకు దత్తత గురించి చెప్పే ముందు ఇది చెప్పాలి. పొలం గట్టున, బస్టాండులో దిక్కులేని పిల్ల కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటల్లో తెలియజేయడం మన బాధ్యత. ఇంటికి తీసుకెళ్ళి దాచుకోవడం దత్తత కాదు.

దత్తత కాని ఏర్పాట్లు

ఫోస్టర్ కేర్ అంటే పిల్ల ప్రభుత్వ సంరక్షణలోనే ఉంటూ మీ ఇంట్లో పెరగడం. ఎక్కువగా ఆరేళ్ళు దాటిన పిల్లలే ఉంటారు. మీ ఇంటిపేరు రాదు, మీ ఆస్తిలో వాటా రాదు. రెండేళ్ళు బాగా కుదిరితే, పిల్ల చట్టప్రకారం దత్తతకు అర్హత ఉంటే, వాళ్ళనే దత్తత తీసుకునే వీలుంది. పసిపిల్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఓపిక లేక, పెద్దపిల్లలైనా ఫర్వాలేదనుకునే దంపతులు దీని గురించి ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

గార్డియన్‌షిప్ వేరే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఒకరిని సంరక్షకులుగా నియమిస్తుంది. పిల్ల బాగోగులు, పిల్ల పేరున ఉన్న ఆస్తి చూసుకోవచ్చు, కానీ కోర్టు అనుమతి లేకుండా ఆ భూమి అమ్మలేరు. పిల్లకు పద్దెనిమిది నిండితే అయిపోతుంది. తల్లిదండ్రులు పోయి, పిల్ల పేరున నాలుగెకరాలు, బ్యాంకులో ఇన్సూరెన్స్ డబ్బు ఉన్న ఇళ్ళలో చాలాసార్లు సరిపోయేది ఇదే. "చూసి తిరిగిస్తం" అన్నవాళ్ళకు కూడా.

గల్ఫ్ కుటుంబాల సంగతి చెప్పి ఆపేస్తాను. జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి కూడా ఇక్కడికి వస్తుంటారు. కొడుకు దుబాయిలో, కోడలు మస్కట్‌లో, పిల్లలు నాయనమ్మ దగ్గర. స్కూల్లో ఎవరో అడిగారని, "మా మనుమండ్లను నా పేరు మీద దత్తత రాయి సారూ" అంటుంది ఆమె. అమ్మా, వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు, వాళ్ళే సంరక్షకులు. మీకు దత్తత అవసరం లేదు, గార్డియన్‌షిప్ కూడా అవసరం లేదు. స్కూలు విషయాలు, ఆస్పత్రి విషయాలు చూసుకోవడానికి మా అమ్మకు అధికారం ఇస్తున్నామని కొడుకూ కోడలూ సంతకం చేసి పంపిన లెటర్ చాలు. వాళ్ళ పాస్‌పోర్టు జిరాక్సులు దానికి జతచేయండి. కొడుకు సెలవు మీద వచ్చినప్పుడు ఒకసారి స్కూలుకు తీసుకెళ్ళి హెడ్మాస్టరుకు చూపించండి. దానికి నాకు ఫీజు ఇవ్వనక్కర్లేదు.